బీరు కిట్లూ, నా లెక్కా

శీర్షిక చూసి కొందరు నొసలు చిట్లిస్తారని తెలుసు. ఆవకాయ గురించీ, ఆడపడుచుల గురించీ, పిల్లల పరీక్షల గురించీ రాసుకునే దానికి బీరుతో పనేమిటని. పనుంది. మూడేళ్ళుగా మా గ్యారేజీలో బీరు తయారవుతోంది. తయారుచేసేది మా ఆయన, సామాన్లు కడిగేది నేను. వండేవాళ్ళ కన్నా కడిగేవాళ్ళకే గిన్నె మంచీచెడూ ఎక్కువ తెలుస్తుంది.

మేముండేది మెల్‌బోర్న్‌లో. ఇక్కడ ఇంట్లో వాడుకోవడానికి బీరు చేసుకోవచ్చు. అమ్మకూడదు, బట్టీ పెట్టి సారా దించకూడదు. మన దగ్గరైతే లైసెన్సు లేకుండా ఇలాంటివి చేయడం నేరం కాబట్టి, అక్కడున్నవాళ్ళు దీన్ని పక్కింటి కబురులా చదువుకోండి. ఇక్కడ సీసాల్లో అమ్మే బీరు మీద పన్ను ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలోనూ ఆగస్టులోనూ, ధరల సూచీతో పాటు పెరుగుతుంది. "ఇంట్లో చేసుకుంటే సగం కూడా పడదు" అని మా ఆయన మొదలుపెట్టింది ఆ లెక్కతోనే. ఆ లెక్కలో నా చేతులూ, నా గిన్నెల సబ్బూ లేవనుకోండి.

మా ఇంటికి మూడు రకాల కిట్లు వచ్చాయి.

మొదటిది డబ్బా కిట్. మాల్ట్ అంటే మనకి కొత్తేమీ కాదు. రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, పొడి కొడితే రాగి మాల్ట్. ఇక్కడ బార్లీతో అదే పని చేసి, అందులోని తీపిని నీళ్ళలోకి దించి, బెల్లప్పాకంలా చిక్కబడేదాకా కాచి డబ్బాకెత్తుతారు. చేదుకోసం వేసే హాప్స్ కూడా అందులోనే కలిపేసి ఉంటాయి. ఇక్కడ ఇంటింటా తెలిసిన పేరు కూపర్స్, అడిలైడ్‌లో 1862లో మొదలైన కంపెనీ. 1.7 కిలోల డబ్బా, మూత కింద చిన్న ఈస్ట్ పొట్లం. ఒక కిలో పంచదారో మాల్ట్ పొడో కలిపి 23 లీటర్లకి నీళ్ళు పోసి, ఈస్ట్ చల్లి మూత పెట్టడమే. ఉప్మా చేయడం వచ్చినవాళ్ళెవరికైనా వస్తుంది.

మేం మొదట కొన్నది ఆ కంపెనీది కాదు, వేరేది. పేరెందుకులెండి. తగ్గింపు ధరలో దొరికిందని రెండు డబ్బాలు తెచ్చారు. తేదీ నేను చూశాను, గడువు ఇంకో నెలే ఉంది. చెబితే "పంచదార పాకం పాడవుతుందా" అన్నారు. పాకం పాడవదు, నల్లబడుతుంది, పాత వాసన వేస్తుంది. ఎండలో గోదాములో పడున్న ఈస్ట్ సగం చచ్చిపోతుంది. నాలుగు రోజులకి గానీ నురగ రాలేదు. పైగా కిలో వంటింటి పంచదారే పోశారు. పంచదార అంతా సారంగా మారి ఒళ్ళు మిగలదు, బీరు నీళ్ళనీళ్ళగా, పులిసిన యాపిల్ రసంలా తేలింది. నేను నాలుక మీద ఒక చుక్క వేసుకుని చూశాను. మా ఆయన మాత్రం పౌరుషానికి ఎనిమిది సీసాలు తాగి, మిగిలింది నిమ్మచెట్టుకి పోశారు. తర్వాత కొత్త తేదీ డబ్బా తెచ్చి, పంచదారకి బదులు మాల్ట్ పొడి వేసి, ఈస్ట్ విడిగా మంచిది కొన్నప్పుడు అదే బకెట్లో, అదే గ్యారేజీలో పోలికే లేని బీరు వచ్చింది. డబ్బా కిట్లు నాసిరకమని ఎవరైనా అంటే ముందు తేదీ అడగండి.

రెండోది గాజు కూజా కిట్. నాలుగు లీటర్ల లోపు పట్టే కూజా, ఒక సంచీలో నలగ్గొట్టిన బార్లీ, చిటికెడు హాప్స్. పెట్టె ముచ్చటగా ఉంటుంది, పుట్టినరోజు కానుకలకి ఇదే కొంటారు. నేనూ అలాగే కొన్నాను. ఇందులో పని మాత్రం పెళ్ళి వంటంత. బార్లీని గంటసేపు 65 నుంచి 68 డిగ్రీల వేడి నీళ్ళలో ఉంచాలి. ఆ వేడి దగ్గరే గింజలోని పిండి తీపిగా మారుతుంది. వేడి బాగా మించితే తీపి చేసే సరుకే చచ్చిపోతుంది. తర్వాత వడకట్టి, హాప్స్ వేసి గంటసేపు మరగబెట్టి, చల్లార్చాలి. ఆ ఆదివారం నా పొయ్యి నాది కాదు. రెండుసార్లూ బీరు పలచగానే వచ్చింది. నాకు అనుమానం వచ్చి, పెట్టెలో ఇచ్చిన థర్మామీటర్ని మరిగే నీళ్ళలో ముంచి చూస్తే 94 చూపించింది. అంటే దాని మాట నమ్మి ఆయన నీళ్ళు ఎక్కువ కాచేశారన్నమాట. కంపెనీల వాళ్ళు పెట్టె మీద రంగులకి పెట్టే ఖర్చు థర్మామీటర్‌కి పెట్టరు.

మూడోది ఈ దేశంలో బాగా నడిచే రకం. బార్లీ ఉడకబెట్టి, హాప్స్ వేసి మరిగించిన రసాన్ని, వోర్ట్ అంటారు, వేడివేడిగా 15 లీటర్ల చదరపు ప్లాస్టిక్ క్యాన్‌లో నింపి బిగించి అమ్ముతారు. ఇంటికి తెచ్చుకుని ఓ ఐదు లీటర్లు నీళ్ళు కలిపి ఈస్ట్ వేయడమే. చిక్కబెట్టడం ఉండదు కాబట్టి పాత వాసన ఉండదు. ధర డబ్బా కన్నా బాగా ఎక్కువ. రుచిలో మాత్రం మిగతా రెండూ దీని దగ్గరికి రాలేదని ఇంటికొచ్చిన స్నేహితులందరూ ఒక్కమాటే అన్నారు. రుచి ఒక్కటే కొలతైతే ఇక మాట్లాడక్కర్లేదు, ఇది కొనుక్కోండి.

ఏ కిట్ అయినా శుభ్రతా, వేడీ మనవే. ఇడ్లీపిండి పులియడానికి గాల్లోని, గింజలోని క్రిములు కావాలి. బీరుకి అవే శత్రువులు. అందుకే మా ఇంట్లో ఇడ్లీపిండి రుబ్బిన రోజు బీరు సీసాకెత్తడం ఉండదు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనివ్వని మనకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. అయినా ఒకసారి నేనే తప్పుచేశాను. ప్లాస్టిక్ బకెట్ అడుగున జిడ్డు పోలేదని స్టీలు పీచుతో రుద్దేశాను. ఆ గీతల్లో దాగిన క్రిములు ఏ శానిటైజర్‌కీ లొంగలేదు. రెండు విడతలు పుల్లగా అయ్యాక కొత్త బకెట్ కొన్నాం. మెత్తటి గుడ్డే వాడండి. ఇంకోటి, హైడ్రోమీటర్ లేని కిట్ కొనకండి. వరసగా రెండు రోజులు అంకె మారకపోతేనే సీసాకెత్తాలి. తొందరపడితే సీసాలో పులియడం సాగి గాజు పేలుతుంది. ఇంట్లో పిల్లలున్నవాళ్ళు గాజు సీసాలు మానేసి, బీరుకోసమే అమ్మే గోధుమరంగు ప్లాస్టిక్ సీసాలు వాడితే మంచిది.

ఇవన్నీ మా ఆయన కూడా ఒప్పుకునే మాటలు. ఒప్పుకోనిది ఒకటుంది. కిట్ల గురించి మాట్లాడే మగవాళ్ళందరూ రుచి చూస్తారు, సీసాకి ఎంత పడిందో చూస్తారు. నేను చూసేది ఒక విడతకి ఎన్ని లీటర్లని. 23 లీటర్లంటే 375 మిల్లీలీటర్ల సీసాలు అరవై. ఇంట్లో తాగేది ఒక్కరు. కొనుక్కునేటప్పుడు వారానికి ఆరు సీసాల పెట్టె ఒకటి తెచ్చుకునే మనిషి, గ్యారేజీలో అరవై వరసగా నిలబడి ఉంటే ఆరుతో ఆగలేదు. నేను లెక్కపెట్టాను. "ఇంట్లో చేసిందే కదా, మందులు కలపలేదు కదా" అంటారు. మందులు కలపకపోయినా అందులో ఉన్నది ఉంది.

మాది నెల్లూరు జిల్లా. దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారన్న కబురు మా ఊరికి వచ్చినప్పుడు నాకు పదేళ్ళు. మా అమ్మ కూడా వీధిలో ఆడవాళ్ళతో కలిసి దుకాణం ముందు కూర్చుంది. 1993 అక్టోబరులో సారా నిషేధించారు, 1995లో మొత్తం మద్యనిషేధం వచ్చింది, 1997లో తీసేశారు. మా నాన్న మాకు ఏ ఒట్టూ వేయలేదు, ఏ గుడిలోనూ మాల వేయలేదు. దొరకని రోజుల్లో తాగలేదు, దొరికిన రోజుల్లో తాగాడు, అంతే. మా ఆయన మా నాన్నలాంటి మనిషి కాదు. గొంతు పెంచడు, జీతం దాచడు. కానీ చేతికందే దూరంలో ఎంత ఉందన్నది మనిషి మంచితనం మీద ఆధారపడే విషయం కాదని నాకు చిన్నప్పుడే తెలుసు.

కిందటేడు అమ్మ వచ్చినప్పుడు రెండో రోజే గ్యారేజీ తలుపు దగ్గర ఆగి, "ఏమ్మే, పిండి పులిసిపోతుండాది, చూసుకున్నావా" అంది. పిండి కాదని చెప్పేశాను. ఏడాది ముందు నుంచీ ఎలా దాచాలా అని ఆలోచించిన మాట, అంత తేలిగ్గా బయటికొచ్చింది. అరుస్తుందనుకున్నాను. "ఎన్ని సీసాలు?" అని అడిగింది, ఒకే మాట. సాయంత్రం అల్లుడికి మామూలుగానే కాఫీ ఇచ్చింది. ఆయన మాత్రం ఆ వారమంతా గ్యారేజీ వైపు వెళ్ళలేదు.

అందుకే నా ఓటు మొదట చిన్న కూజాకి. పది సీసాలు, అయిపోతే మళ్ళీ ఆదివారం అంతా కష్టపడాలి. ఆ కష్టమే గేటు. ఆయనకేమో రుచి దగ్గర రాజీ ఇష్టం లేదు. చివరికి ఒక దారి దొరికింది. చదరపు క్యాన్ కొని మూడు కుటుంబాలు పంచుకుంటున్నాం. ఇరవై లీటర్లలో అడుగు మడ్డి పోగా ఇంటికి పదిహేడో పద్దెనిమిదో సీసాలు వస్తాయి, రెండు నెలల దాకా రెండోది లేదు. సీసాలు కడగడం ముగ్గురు మగవాళ్ళ వంతు, ఇది నేను పెట్టిన షరతు. మా పదహారేళ్ళ వాడు హైడ్రోమీటర్ చదివి పుస్తకంలో రాస్తాడు. రుచి చూడనిస్తే తప్పేముందని వాళ్ళ నాన్న అంటారు. పద్దెనిమిది నిండాక చూద్దామన్నాను, ఆ విషయంలో బేరం లేదు.

ఇప్పుడు ఫిబ్రవరి. గ్యారేజీలో 40 డిగ్రీలుంది, ఈస్ట్‌కి 20 దాటితేనే విసుగు. ఏప్రిల్ దాకా బకెట్ ఖాళీ. అందులో ప్రస్తుతం నా అటుకులూ మరమరాలూ ఉన్నాయి.