ఫ్యాను వుంది... తిరగదు!

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళది ఒక చిత్రమైన పద్ధతి. ఏపీఐలో ఒక్క పారామీటర్ తారుమారైతే డాక్యుమెంటేషన్ రాసినవాడి ఏడు తరాలనీ తలుచుకుంటాం. అదే మన టేబుల్ కింద వున్న కేబినెట్‌లో ఏ వైరు ఎక్కడికి పోతోందో కొన్న రోజు నుంచి పారేసే రోజు దాకా చూడం. "అది హార్డ్‌వేర్ బాబూ, మన పని కాదు" అనేస్తాం. నా మట్టుకు నాకు అది మన పనే అనిపిస్తుంది. ముఖ్యంగా బెజవాడ చుట్టుపక్కల వుండేవాళ్ళకి.

ఎందుకంటారా? 2020 తర్వాత ఇంటి నుంచి పని అలవాటయ్యాక గుడివాడలో, తెనాలిలో, బందరులో కూర్చుని కోడ్ రాసేవాళ్ళు మనలోనే వున్నారు. పిల్లల ఇంజనీరింగు చదువు కోసం అసెంబుల్డ్ సిస్టం కొనే తల్లిదండ్రులు సరేసరి. అలాంటి పెట్టెల్లో కొన్నింటి పక్క మూత తీసి చూడండి. ముందు మూడు ఫ్యాన్లు, తిరిగేది ఒకటి. హెడ్‌ఫోన్ పోర్టు వుంటుంది, పలకదు. రీసెట్ బటన్ ఎంత నొక్కినా ఉలకదు. డబ్బులు మాత్రం అన్నిటికీ కట్టాం!

అసెంబుల్ చేసే కుర్రాడిని తిట్టి లాభం లేదు. రోజుకి ఇన్ని పెట్టెలు బిగించాలని లెక్క. తెర మీద బొమ్మ వస్తే పని అయిపోయినట్టే. మనమూ అంతే కదా, డెమోలో నడిస్తే చాలనుకుంటాం :)

అసలు చిక్కేమిటంటే, ఈ తప్పు బయటపడదు. మే నెలలో బెజవాడలో బయట 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఫ్యాను గాలిని చల్లబరచదు, మారుస్తుందంతే. గదిలో 36 వుంటే పెట్టెలో అంతకంటే తగ్గదు. గాలి మారకపోతే ఇంకా పెరుగుతుంది. ప్రాసెసర్ సుమారు 95-100 డిగ్రీల దగ్గర తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. కాలిపోతే కనీసం తెలిసేది. ఇది కాలదు, నెమ్మదిస్తుంది. మనమేమో బిల్డ్ ఆలస్యమవుతోందని ఇంకో ర్యామ్ కొంటాం.

డెల్టా రైతుకి ఇది చెప్పక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ నుంచి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ నీళ్ళు తెస్తాయి, సరే. మురుగు కాలువ పూడిపోతే చేను మునుగుతుంది. నీళ్ళు పోయే దారి సంగతి 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగిన తర్వాత బెజవాడలో ఎవరినడిగినా చెప్తారు. కేబినెట్ కూడా అంతే. ముందు ఫ్యాన్లు గాలి లోపలికి లాగాలి, వెనకదీ పైదీ బయటికి తోసెయ్యాలి. ఫ్రేము మీద బాణం గుర్తుంటే గాలి అటు పోతుందని. లేకపోతే మోటారుని పట్టుకునే అడ్డకమ్మీలు ఎటుంటే సాధారణంగా అటు.

ఇక వైర్లు. ప్రాసెసర్ మీది ఫ్యాను సీపీయూ ఫ్యాన్ అని రాసిన చోటికే వెళ్ళాలి, మిగతావి సిస్ ఫ్యాన్ లేదా ఛాసిస్ ఫ్యాన్ అన్నచోటికి. మూడు పిన్నులది నాలుగు పిన్నుల హెడర్‌లో పడుతుంది. నాలుగోది వేగం చెప్పే పీడబ్ల్యూఎం తీగ, అది లేదు కాబట్టి బయోస్‌లో డీసీ మోడ్ పెట్టకపోతే ఎప్పుడూ ఫుల్ స్పీడులో అరుస్తుంది. ఒకే హెడర్‌కి స్ప్లిటర్‌తో నాలుగు ఫ్యాన్లు తగిలించేముందు వాటి మీద రాసిన ఆంపియర్లు కూడండి. చాలా బోర్డుల్లో హెడర్‌కి ఒక్క ఆంపియరే పరిమితి.

ముందు బటన్ల దగ్గరే నా అసలు కోపం. యూఎస్‌బీ హెడర్‌లో ఒక మూల పిన్ను వుండదు, ఆడియోలో వేరేచోట వుండదు. అందుకని ఒకదాని ప్లగ్గు ఇంకోదానిలో పట్టదు. తప్పు చేద్దామన్నా కుదరనివ్వదు, డిజైన్ అంటే అదీ! ఒకప్పుడు ఫైర్‌వైర్ హెడర్ చూడ్డానికి యూఎస్‌బీ హెడర్‌లాగే వుండేది. అందులో 12 వోల్టులు. పొరపాటున యూఎస్‌బీ వైరు దానికి తగిలిస్తే పెన్ డ్రైవ్ గోవిందా.

మరి పవర్ బటన్, రీసెట్, రెండు లైట్ల సంగతి? ఇంటెల్ తొమ్మిది పిన్నుల అమరిక ఎప్పుడో రాసిపెట్టింది, ఎక్కువ బోర్డులు దాన్నే పాటిస్తాయి. అయినా ఇప్పటికీ చాలా కేబినెట్లలో రెండేసి పిన్నుల విడి వైర్లే. బోర్డు మీద చీమ తలకాయంత అక్షరాలు. అసుస్ వాళ్ళు క్యూ-కనెక్టర్ ఇచ్చారు, కొన్ని కేబినెట్లు ఒకటే ప్లగ్గుతో వస్తున్నాయి. అంటే చెయ్యొచ్చన్నమాట. మిగతావాళ్ళు ఆ డబ్బుని రంగు లైట్లకీ, గాజు పలకకీ పెడుతున్నారు. ఎందుకు పెట్టరు, మనం అడిగేది అదే కదా!

కాబట్టి ఈసారి కొనేటప్పుడు బిల్లు కట్టేముందు ఓ పది నిమిషాలు నిలబడండి. అన్ని ఫ్యాన్లూ తిరుగుతున్నాయా, ఎటు తోస్తున్నాయి? ముందు పోర్టులన్నిట్లో పెన్ డ్రైవ్ పెట్టండి, హెడ్‌ఫోన్ పెట్టండి, రీసెట్ నొక్కండి. మదర్‌బోర్డు పుస్తకం ఇంటికి తెచ్చుకోండి. ఇంట్లో సరిచేసుకునేవాళ్ళు కరెంటు తీసేసి చెయ్యండి. బటన్ల వైర్లకి ప్లస్సు మైనస్సు లేదు, లైటు వైరు తిరగేస్తే వెలగదంతే, భయం లేదు. జాగ్రత్త పడాల్సింది 5 వోల్టుల లైట్లని బలవంతంగా 12 వోల్టుల హెడర్‌లో గుచ్చకుండా, యూఎస్‌బీ 3 ప్లగ్గుని మొరటుగా తోసి పిన్నులు వంచకుండా.

నలుగురం అడిగితే షాపువాడు ఆ పది నిమిషాలూ కేటాయిస్తాడు, ఒకటే ప్లగ్గున్న కేబినెట్లు తెప్పిస్తాడు. అడక్కపోతే మన ఊరి ఎండల్లో మన పెట్టెలు ఇలాగే ఉడుకుతుంటాయి. ఏమంటారు?