డెబ్బైల్లో వ్యాయామం... కుర్చీతోనే మొదలు!

రిటైరై పదేళ్లు దాటింది. పొద్దున్నే అరగంట నడుస్తారు. 'రోజూ వాకింగ్ చేస్తున్నాగా, నాకేం' అన్న ధీమా. కానీ సోఫాలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాల్సిందే. బస్సెక్కాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించాల్సిందే. చాలా ఇళ్లల్లో పెద్దవాళ్ల పరిస్థితి ఇదే.

నడక మంచిదే. గుండెకీ, షుగరుకీ, మనసుకీ మేలు చేస్తుంది. కానీ తడి బాత్రూములో కాలు జారినా, గడప తగిలి తూలినా నిలదొక్కుకోవాలంటే తొడల్లో బలం, బ్యాలెన్స్ కావాలి. ఒక్క నడకతో అవి సరిపడా రావు. తుంటి ఎముక విరిగాక మునుపటిలా సొంతంగా తిరగలేకపోయినవాళ్లు ఎందరో. అందుకే పెద్దవాళ్ల వ్యాయామంలో ఈ రెండింటికీ చోటుండాలి.

ముందు డాక్టరు... తర్వాత కుర్చీ

గుండెజబ్బు, అదుపులో లేని బీపీ, ఈమధ్యే జరిగిన ఆపరేషన్, తరచూ కళ్లు తిరగడం, ఏడాదిలోపు పడిపోయి ఉండటం... వీటిలో ఏదున్నా డాక్టరుని అడిగాకే మొదలుపెట్టాలి. వాడే మందులూ చూపించాలి. కొన్ని బీపీ మాత్రలతో లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. ఇన్సులిన్, కొన్ని రకాల షుగరు మాత్రలు వాడేవారికి వ్యాయామంలో చక్కెర పడిపోవచ్చు. గ్లూకోజు దగ్గర ఉంచుకోవాలి.

ఆ తర్వాత చిన్న పరీక్ష. చేతుల్లేని గట్టి కుర్చీని గోడకి ఆనించి వేయండి. తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీ వద్దు. చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి నిలబడగలరో లెక్కపెట్టండి. పక్కన ఒకరు ఉండాలి. 70-74 ఏళ్ల మగవాళ్లు 12, ఆడవాళ్లు 10 సార్లకన్నా తక్కువ లేస్తే పడిపోయే ముప్పు ఎక్కువని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది.

వారంలో ఏం చేయాలి?

65 దాటినవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం, రెండు రోజులు కండరాల బలానికి, మూడు రోజులు బ్యాలెన్స్‌కి సంబంధించినవి చేయాలన్నది 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచన. మొదటిరోజే అంత అక్కర్లేదు.

* నడక: పది నిమిషాలతో మొదలుపెట్టాలి. నడుస్తూ మాట్లాడగలగాలి. మాట తెగిపోతుంటే వేగం తగ్గించాలి. హవాయి చెప్పులు కాకుండా పట్టున్న బూట్లు మేలు.

* బలం: కుర్చీలోంచి 8-10 సార్లు లేచి కూర్చోవడం, వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తడం, గోడకి చేతులు ఆనించి ముందుకి వంగి వెనక్కి రావడం. లేచేటప్పుడు ఊపిరి వదలాలి. బిగబడితే బీపీ పెరుగుతుంది.

* బ్యాలెన్స్: వంటగట్టు పక్కనే పాదాలు రెండూ కలిపి పది సెకన్లు నిలబడాలి. తూలకుండా ఉండగలిగితే, ఒక పాదం ముందు మరొకటి పెట్టి నిలబడాలి. చివరిగా ఒంటికాలి మీద.

ఒకేసారి అన్నీ పెంచకూడదు. రెండు వారాలకోసారి ఏదో ఒక్కటి పెంచితే చాలు. కండరాల నొప్పి ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంటే పర్లేదు. కీళ్లనొప్పి మర్నాటికీ ఉంటే తగ్గించాలి. ఎముకలు గుల్లబారినవారు నడుము వంచి కాలివేళ్లు అందుకునే ప్రయత్నం చేయకూడదు. ఛాతీలో నొప్పి, బిగుతు, కళ్లు తిరగడం... ఏది అనిపించినా వెంటనే ఆపి కూర్చోవాలి. ఛాతీనొప్పి తగ్గకపోతే ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయాలి.

ఇంట్లోవాళ్లకీ ఓ మాట. మంచినీళ్లు కూడా కూర్చున్నచోటికే అందించడం ప్రేమే. కానీ లేచే ప్రతి అవకాశమూ వాళ్లకు వ్యాయామమేనని మరచిపోవద్దు.

'ఈ వయసులో ఇంకేం బలం వస్తుందిలేరా' అనేవాళ్లకు బోస్టన్ వృద్ధులే సమాధానం. అక్కడి ఓ వృద్ధాశ్రమంలో 90 ఏళ్లకు అటూఇటూ ఉన్న పదిమందితో ఎనిమిది వారాలు నిపుణుల పర్యవేక్షణలో కాళ్లతో బరువులెత్తించారు. 1990లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. పూర్తిచేసిన తొమ్మిదిమందికీ కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టేశారు. శిక్షణ ఆపేశాక మాత్రం ఆ బలం మళ్లీ తగ్గిపోయింది. కాబట్టి మొదలుపెట్టడానికి వయసు అడ్డుకాదు... మానేయకపోవడమే ముఖ్యం!