శరీర వ్యాయామము: తెడ్డు చేతిది, త్రోపు పాదముది

కరీంనగరమునుండి యొక సోదరి యీ శీర్షికకు జాబు వ్రాసినది. కళాశాలలో చదువుచున్న తన కుమార్తె సెలవులలో కయాకు నడుపుట నేర్చుకొనుచున్నదట. ఇల్లు చేరినది మొదలు భుజములు లాగుచున్నవనియు, కాళ్లు తిమ్మిరులెక్కినవనియు చెప్పుచున్నదట. ఆడుపిల్ల దేహమున కీ పని తగదనియు, వెంటనే మానిపింపుమనియు ఇంటిలోని పెద్దలు పట్టుపట్టుచున్నారట. ఏమి చేయవలయునని యామె ప్రశ్న.

సోదరీ, మానిపింప నక్కరలేదు. నీవు వ్రాసిన రెండు బాధలును సాధారణముగా స్త్రీ దేహపు బలహీనతవలన కలుగునవి కావు. పాదముల నుంచవలసినట్లుంచక, చేతులతోనే పడవను లాగుటవలన కలుగునవి. దోషము కూర్చుండు తీరుననున్నది, తీరు దిద్దుకొనవచ్చును.

ముందుగా పెద్దల శంకకు సమాధానము. దాశరాజుని కుమార్తె సత్యవతి యమునలో పడవ నడుపుచుండెనని భారతము చెప్పుచున్నది. కురువంశమునకు ముత్తవ్వయైన యామెకు తెడ్డు పట్టుట అగౌరవము కాలేదు. ఇక కయాకు మాట. ఇది ఉత్తరధ్రువ ప్రాంతమున వసించు ఇన్యూయిట్ జనుల వేటపడవ. దాని చట్రమునకు సీలు చర్మమును నీరు చొరకుండ కుట్టుపని స్త్రీలది. వారి కుట్టు చెడినచో వేటగాని ప్రాణము దక్కదు. ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు కయాకు పందెము 1948లో లండను నగరమున మొదలైనది. 500 మీటర్ల యా పందెమున డెన్మార్కు వనిత కారెన్ హాఫ్ గెలిచినది. న్యూజీలాండునకు చెందిన లీసా కారింగ్టన్ 2012 మొదలు 2024 వరకు ఎనిమిది ఒలింపిక్ స్వర్ణపతకములు పొందినది. కావున స్త్రీకి తగదను మాట నిలువదు. తగిన రీతిని నేర్చినదా లేదా యన్నదే చూడవలసినది.

మన గోదావరి తీరముల నాటుపడవను, పుట్టిని ఎరిగినవారికి కయాకు కొంత వింతగా తోచును. ఇందు నడుపునామె పడవ యడుగున కూర్చుండి, కాళ్లు ముందునకు చాచి, రెండు కొనలయందును రెక్కలుగల తెడ్డును నడుమ పట్టుకొని, కుడియెడమల నొకదాని వెంట నొకటిగా నీటిలో ముంచును. ముఖము పోవు దిక్కుననే యుండును. పెక్కు పడవలలో కాళ్లు పైకప్పు క్రింద మరుగుపడి యుండుటచే, క్రొత్తవారు వానికి పనియే లేదని తలంతురు. చూచువారికి చేతులే కనబడును. పడవను త్రోయునది మరుగుననున్న పాదము.

ఇది యెట్లో వినుడు. పాఠశాలలో భౌతికశాస్త్రము బోధించు మావారు దీనిని పిల్లలకు చర్యయు ప్రతిచర్యయు నను సూత్రమునకు దృష్టాంతముగా చెప్పుదురు. తెడ్డు నీటిని వెనుకకు నెట్టగా, నీరు తెడ్డును ముందునకు నెట్టును. ఆ బలము చేతినుండి దేహమునకు వచ్చును; దేహమునుండి పడవకు చేరవలెనన్న, దేహము పడవను తాకుచోటులే మార్గము. అవి పీఠము, పాదము. పాదము గట్టిగా ఆనకున్నచో దేహము పీఠముపై ముందునకు జారును గాని పడవకు బలము చాలినంత యందదు. ఆ లోటు పూరించుటకై పిల్ల భుజములతో మరింత లాగును. నొప్పికి మూలమిదియే. క్షీరసాగరమథనమున త్రాడు వాసుకియే యైనను, కవ్వము మందరమే యైనను, అడుగున ఆధారము లేనంతసేపు కొండ క్రుంగిపోయినది. కూర్మము వీపొడ్డిన పిదపనే మథనము సాగినది. కయాకున ఆ కూర్మము స్థానము పాదములు ఆనించు పట్టెది. దానినే ఫుట్‌రెస్టందురు.

ఆ పట్టెను నీటిలో దిగకముందే, ఒడ్డుననే సరిచేసికొనవలెను. పీఠము వెనుకకు నిండుగా కూర్చుండి, వెన్ను నిలిపి, పాదముల నానించి చూడవలెను. మోకాళ్లు కొంచెము వంగియుండవలెను. నొక్కినపుడు కాలు మరికొంత చాగుటకు ఎడముండవలెను. కాని పూర్తిగా చాగి బిగిసిపోరాదు. పట్టె దూరమైనచో పాదమునకు ఊతముండదు; పిల్ల వెనుకకు వాలి కూర్చుండును; నడుము నొప్పి పుట్టును. మిక్కిలి దగ్గరైనచో మోకాళ్లు పైకిలేచి తొడలు బిగిసి, కాళ్లు తిమ్మిరులెక్కును. రెండు ప్రక్కల మెట్లును లెక్కించి సమానముగ నుంచవలెను. ఒక ప్రక్క తేడా యున్నచో దేహము వంకరపోవును.

విహారమునకైన సామాన్యపు కయాకులో మడమలు నడిమికి చేరువగను, వ్రేళ్లు కొంచెము వెలుపలికిని ఉండి, పాదపు ముందుభాగము పట్టెపై నుండవలెను. మోకాళ్లు ప్రక్కలకు విచ్చుకొని పైకప్పు నానుకొనును. పడవ యొరిగినపుడు నిలుపునది యిదియే. పందెపు కయాకు మిక్కిలి సన్నము. అందు పాదములు ప్రక్కప్రక్కన, మోకాళ్లు నడుమకు చేరి కొంత పైకి నిలిచియుండును.

ఇక త్రోపు. కుడిప్రక్క తెడ్డు వేయుటకు ముందు కుడిభుజము ముందునకు వచ్చునట్లు నడుము త్రిప్పవలెను. తెడ్డురెక్క కుడిపాదము దాపున నీటిలో పూర్తిగా మునిగినపిదప కుడిపాదముతో పట్టెను నొక్కవలెను. అప్పుడు కుడిమోకాలు కొంచెము చాగును. కుడితుంటి వెనుకకు పోవును. దానితో నడుము, నడుముతో భుజము తిరుగును. ఆ సమయమున ఎడమమోకాలు వంగి తన వంతునకై సిద్ధమగును. రెక్క తుంటిదాపునకు రాగానే పైకి తీసి, ఎడమప్రక్క నట్లే చేయవలెను. తెడ్డు మునుగకముందే నొక్కినచో బలము వృథయై పడవ యూగును. తెడ్డున్న ప్రక్క పాదమే నొక్కుట ముఖ్యము. రెండు పాదములను ఒకేమారు బిగబట్టి యుంచుట తిమ్మిరికి మరియొక కారణము. వంతులవారిగా నొక్కినపుడు ఒక కాలికి పని, మరియొకదానికి విశ్రాంతి కలుగును.

తిరుగలి విసరుట నెరిగిన సోదరీమణులకు ఇది క్రొత్త గాదు. నడుము కదలక చేతితోనే విసరినామె గంటెడు జొన్నలకే అలసిపోవును. నడుముతో విసరునామె పాట పాడుచు తట్టెడు ముగించును.

ఇంటియొద్ద అభ్యాసమునకు పడవ వలదు. నున్నని నేలపై మడతదుప్పటి వేసి, గోడ కెదురుగా కూర్చుండి, మోకాళ్లు కొంచెము వంచి, పాదములు గోడ కానింపవలెను. ఒక కఱ్ఱను రెండు చేతులతో రొమ్మున కెదురుగా పట్టుకొని, కుడిపాదము నొక్కి కుడితుంటిని వెనుకకు పోనిచ్చుచు కుడిప్రక్కకు తిరుగవలెను, పిదప ఎడమప్రక్కకు. ప్రక్కకు పదిమార్లు, మెల్లగా, ఊపిరి బిగబట్టక చేసిన చాలును. చేతులు దాదాపు చాగియే యుండవలెను.

కాళ్లు నిండుగా సహకరింపనివారికీ క్రీడ లేదని దీనివలన తలంపరాదు. గ్వాలియరు వనిత ప్రాచీ యాదవ్ 2023లో హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా పారా క్రీడలలో కయాకు 200 మీటర్ల పందెమున స్వర్ణపతకము గెలిచినది. కాళ్ల బలము కొరవడినచోట పీఠపు ఊతమును, నడుమును మరింత సాధించి ముందునకు సాగవచ్చును. ఉన్న ఊతమును తెలిసి వాడుకొనుటయే విద్య.

తల్లి కన్ను వేయవలసిన చోటులు కొన్ని కలవు. పడవ బోల్తాపడినపుడు పాదములు చిక్కుకొనక తక్షణము వెలికి రావలెను. కావున పట్టెల నడుమ పాదములను ఇరికింపరాదు, పొడవైన త్రాళ్లుగల బూట్లు, వ్రేలాడు వోణీలు కూడవు. ఒడ్డు దాపున, నేర్పువారి సమక్షమున, పడవ బోర్లించి బయటికి వచ్చుట ముందుగా అభ్యసింపవలెను. ఈత వచ్చినను ప్రాణరక్షక కోటు విడువరాదు. 1985లో పూర్తియైన మన దిగువ మానేరు జలాశయము విశాలమైనది. గాలి లేచినచో అలలు లేచును. కడెము ప్రాజెక్టునకు 2022 జూలైలో ఎంతటి వరద వచ్చెనో మనమెరుగుదుము. వానకాలమున, గేట్లు ఎత్తు దినములలో, పడవ మాట తలపెట్టరాదు.

సోదరీ, నీ కుమార్తెను వారము దినములు నీటికి పంపక గోడయొద్ద అభ్యాసము చేయింపుము. పిదప పట్టె సరిచూచి పంపుము. అప్పటికిని భుజపు నొప్పి తగ్గకున్నను, పడవ దిగిన తరువాత తిమ్మిరి నిలిచియున్నను వైద్యునికి చూపవలెను. తగ్గినచో ఆ సంగతి ఇంటిలోని పెద్దలకు పిల్లచేతనే చెప్పింపుము. గోడయొద్ద కూర్చుండి పాదమెట్లు నొక్కవలెనో వారి యెదుట చేసి చూపినచో, వారి భయము చాలవరకు తీరును.