జనరేటరు మొరాయించినప్పుడు బ్యాటరీనే నిందింపవలెనా?

కరెంటు పోయి మగ్గములన్నియు ఒక్కసారిగా ఆగిపోయిన తరువాత, జనరేటరు బొత్తాము నొక్కగా అది ‘టక్’మని ఊరకుండినచో, మన షోలాపూరు కార్ఖానాలలో చాలమంది నోట వెలువడు మాట ఒక్కటే: “బ్యాటరీ చచ్చినది.” మరునాడు కొత్త బ్యాటరీ వచ్చును. కొన్నాళ్లు అంతయు బాగుగనే యుండును. పిమ్మట ఒకనాడు మరల అదే ‘టక్’.

ఈ అలవాటును మనము మానుకొనవలెనని నా అభిప్రాయము. ఇది చిన్న విషయమని కొందరు నవ్వవచ్చును. కాని మన నేతగాండ్రకు కూలి దుప్పటుల లెక్కమీదనో, తువ్వాళ్ల లెక్కమీదనో ముట్టును గాని, కార్ఖానాలో కూర్చున్న గంటలకు కాదు. జనరేటరు రెండు గంటలు పలుకనిచో యజమానికి సరకు ఆలస్యమగును. నేతగానికి ఆ పూట కూలియే పోవును. సైజింగు యంత్రముమీదనున్న పడుగు వేడి సిలిండరుపై నిలిచిపోయి పెళుసుబారును. రంగుల కార్ఖానాలో పంపు ఆగినచో నూలు ఒకచోట ముదురుగను, ఒకచోట లేతగను దిగును. ఆ నష్టము ముందు మల్టీమీటరు వెల యెంత? కార్ఖానాకు ఒక బ్యాటరీ వెలలో అది చిన్న పాలు మాత్రమే.

మా యింటి సంగతియే చెప్పెదను. ఒక్క యేడాదిలో రెండు బ్యాటరీలు కొంటిమి. అమ్మినవారు గ్యారంటీ కాగితము చూచి, “మీరు వాడుట సరిగా లేదు” అనిరి. మేమును నమ్మితిమి. ఐ.టి.ఐ.లో విద్యుత్తు పని నేర్చిన మా మేనల్లుడు పండుగకు వచ్చి, మీటరు తీసి చూచెను. ఊరకనున్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపెను. నిండుగా చార్జయిన దానికి ఉండవలసినది అంతే. ఇంజను పట్టుకొనకుండ డీజిలు ఆపు మీటను లాగి యుంచి, నన్ను బొత్తాము నొక్కుమనెను. స్టార్టరు ఈడ్చుచుండగా బ్యాటరీవద్ద 11.2 ఉన్నది, స్టార్టరువద్ద 8.9 మాత్రమే ఉన్నది. నడుమ 2.3 వోల్టులు ఎక్కడ పోయినవి? మీటరు ముల్లు ఒకటి బ్యాటరీ నెగటివుపైనను, ఇంకొకటి ఇంజను ఒంటిమీదనను ఆనించి మరల ఈడ్పించగా, ఆ ఒక్క చోటనే 2 వోల్టులు పడిపోవుట కనబడెను. నెగటివు తీగను ఇంజనుకు బిగించిన బోల్టు క్రింద రంగు, త్రుప్పు పేరుకొని యుండెను. గీకి శుభ్రము చేసి బిగించితిమి. పావుగంట పని. ఆనాటి బ్యాటరీ నేటికిని అదే.

మొదటి బ్యాటరీ చెడిపోలేదని ఆలస్యముగా తెలిసికొంటిమి. బలముగనున్న కొత్త బ్యాటరీ ఆ చెడ్డ అతుకుగుండ కూడ ఎట్లో కరెంటును నెట్టగలిగి, రోగమును కొంతకాలము కప్పి యుంచినది. మార్చగానే పనిచేసినది కదాయని పాతదానిపై తప్పు మోపుట ఇందువలననే.

కావున ఈడ్చునప్పుడు కొలవనిదే ఎవ్వరును బ్యాటరీకి చావు చెప్పరాదు. ఊరకయున్నప్పుడు 12 వోల్టులకు దిగినచో అది చాలవరకు ఖాళీయైనదన్నమాట; ముందు చార్జరును చూడవలెను. ఊరకనున్నప్పుడు 12.6 చూపియు, ఈడ్చునప్పుడు 9.6కు దిగువ జారినచో బ్యాటరీని అనుమానింపవచ్చును. అది జారక స్టార్టరు మాత్రము నీరసముగా తిరిగినచో దోషము తీగలలోను, అతుకులలోను, లేదా స్టార్టరులో. ఒక్కొక్క తీగమీద అర వోల్టుకు మించి పడిపోరాదు. రెండు బ్యాటరీలు కలిపిన 24 వోల్టుల సెట్లకు బ్యాటరీ అంకెలను రెట్టింపు చేసికొనవలెను.

చెవియును మంచి పనిముట్టే. టకటకమని వరుసగా కొట్టుకొన్నచో వోల్టులు చాలుటలేదు. ఒక్క ‘టక్’తో ఆగినచో సొలెనాయిడులోని కాంటాక్టులు కాలినవో, స్టార్టరు పట్టుకొన్నదో చూడవలెను. అసలు చప్పుడే లేనిచో ముందు ఎమర్జెన్సీ స్టాపు బొత్తాము లోపలికి నొక్కి యున్నదేమో చూడుడు. తుడుచువారి మోచేయి తగిలి అది దిగిపోవుట నేనెరుగుదును! పిదప ఫ్యూజు. ఇంజను చురుకుగా తిరిగియు పట్టుకొననిచో బ్యాటరీ జోలికి పోవలదు; డీజిలును విడుచు సొలెనాయిడుకు కరెంటు అందుచున్నదో లేదో కొలువుడు.

“మేస్త్రీ ఉన్నాడు గదా, ఇదంతయు మనకెందుకు?” అని పెద్దలు కొందరు అడుగుదురు. మేస్త్రీని తప్పక పిలువుడు. కాని కొలిచిన అంకె మనచేత నున్నప్పుడు ఆయన మాటయు వేరుగా నుండును, బిల్లును వేరుగా నుండును. మన పిల్లలు పడుగులో తెగిన పోగు ఎక్కడనో చీకటిలోనైన పట్టుదురు. రెండు ముళ్ల మీటరు వారికొక లెక్కయా?

మన కార్ఖానాలకొక ప్రత్యేకమైన తంటా కూడ కలదు. మగ్గముల దూదిపొట్టు ఎగిరి బ్యాటరీ నెత్తిన పడును. ఆసిడు చెమ్మను పీల్చి తడిగుడ్డవలె కూర్చుండును. దానిగుండ ఒక మొననుండి మరియొక మొనకు కరెంటు మెల్లగా కారిపోవును. వారమునకొకసారి తుడువవలెను. తుడుచుటకు పూర్వము సెట్టును ఆటోనుండి తప్పించి, చార్జరును ఆపి, నెగటివు తీగను మొదట విప్పవలెను. లేనిచో చేయి లోపలనుండగా కరెంటు పోయినచో యంత్రము తనంతట తానే లేచును. బ్యాటరీవద్ద బీడీ కాల్చరాదు. చార్జగునప్పుడు వెలువడు వాయువు మండును. స్క్రూడ్రైవరుతో స్టార్టరు మొనలను కలిపి లేపు మొనగాండ్రను కార్ఖానాలోనికి రానీయరాదు. ఇంటి మనుష్యులు కొలువవలసినది ఈ 12 లేక 24 వోల్టుల వైపు మాత్రమే. ఆల్టర్నేటరు పెట్టెను తెరువనే వలదు.

సంఘమువారికి నా మనవి యిది. పేటకొక మల్టీమీటరు కొని, కార్ఖానాకొక కుర్రవానిని చొప్పున పిలిచి, ఒక్క ఆదివారము నేర్పింపవలెను. యజమానులు వారమునకొక దినము, కరెంటు ఉన్నప్పుడే, సెట్టును నడిపి, ఊరకున్నప్పటి వోల్టును, ఈడ్చునప్పటి వోల్టును గోడమీది కాగితమున వ్రాయించవలెను. ఆ కాగితము నేతగాండ్రకు కనబడుచోట నుండవలెను. కూలి పోవునది వారిది గదా.