ఇంటి కంప్యూటరూ, తొమ్మిదంకెల తాళమూ

ఉప్పు మళ్ళకు పేరుపడిన నౌపడ మాది. అక్కడ మా ఇంటి ముందుగదిలో ఒక పాత కంప్యూటరుంది. నా ప్రోగ్రాములూ అందులోనే, నాన్న పొలం కాగితాలూ అందులోనే. ఈ హాస్టల్లో కూర్చుని దాన్ని నడిపించుకోవచ్చునని తెలిసిన రోజున నా సంతోషం ఇంతా అంతా కాదు. ఆ సంతోషంలో నేను చేసిన తెలివితక్కువ పని గురించే ఈ నాలుగు మాటలూ.

నాన్నకి ఫోన్లోనే ఒక యాప్ నేర్పాను. తెర మీద తొమ్మిదంకెలొస్తాయి, అవి నాకు చదివి చెప్పు, తరవాత ‘సరే’ అన్నచోట నొక్కు, అంతే. ఆయన ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పేవాడు. బాణం గుర్తు దానంతటది తెర మీద తిరుగుతుంటే అమ్మ, "దెయ్యం పట్టిందర్రా దీనికి!" అని నవ్వేది. అడంగల్ తీసి ఇవ్వడం, పద్దు సరిచూడడం అన్నీ ఇక్కణ్ణించే చేసేవాణ్ణి.

పంట అప్పు ఖాతాలో పడిన వారంలో ఎవడో ఫోన్ చేశాడు. బ్యాంకు నుంచట. తొమ్మిదంకెలు అడిగాడు. నాన్న చదివి చెప్పాడు. బాణం తిరిగింది. ఎవరికీ అనుమానం రాలేదు, రోజూ తిరిగేదే కదా! పాస్‌వర్డు కొట్టమన్నాడు. అంతలో కరెంటు పోయింది. మా ఊరి కరెంటు కోతను నేను తిట్టని రోజు లేదు. ఆ రోజు మాత్రం దణ్ణం పెట్టాను.

నేను కోప్పడితే నాన్న ఒకటే మాటన్నాడు: "నువ్వే గదేట్రా సెప్పినావు, నంబరడిగితే సదివీమని?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. పల్లెటూరివాళ్ళకు తెలీదు, అందుకే మోసపోతారు అంటుంటాం. ఆయనకు తెలీక కాదు, నేను నేర్పింది బాగా వంటబట్టే ఆ అంకెలు చెప్పాడు. ఇలాంటి యాప్ ఒకదాని గురించి రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. సైన్సు విద్యార్థినైన నేను ఆ సంగతి చదివింది ఈ గొడవ తరవాత!

కాబట్టి నా అభిప్రాయం ఇది. ఇంట్లోవాళ్ళకు అంకెలు చదివి చెప్పే అలవాటు చెయ్యనే కూడదు. సెలవులకు వెళ్ళినప్పుడు మనమే కూర్చుని, మన ఖాతాకూ మన రహస్య సంఖ్యకూ మాత్రమే తెరుచుకునేలా అమర్చాలి. క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ ఆ పని ఉచితంగా చేస్తుంది. కంప్యూటరే బయటికి వెళ్ళి కలుస్తుంది గనక, రౌటరులో తలుపులు తెరవక్కర్లేదు. విండోస్‌లో ఉన్న రిమోట్ డెస్క్‌టాప్ సంగతి వేరు. హోమ్ రకం విండోస్‌లోకి దానితో బయటినుంచి రానివ్వరు, ప్రో ఉండాలి. ఉంది కదా అని 3389 నంబరు తలుపును ఇంటర్నెట్టుకు బార్లా తెరిస్తే, పాస్‌వర్డులు ఊహించే యంత్రాలు రాత్రింబవళ్ళు తడుతూనే ఉంటాయి. 2019లో బయటపడిన బ్లూకీప్ లోపం పాస్‌వర్డుతో పని లేకుండానే లోపలికి రానిచ్చేది. ఎప్పుడో వదిలేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ మందు పంపాల్సివచ్చింది.

ఇంకో సంగతి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా వైపు రోజుల తరబడి చీకటే. ఇంటి కంప్యూటరే దిక్కనుకుంటే అలాంటప్పుడు ఏ రిమోటూ పనికిరాదు. ముఖ్యమైన కాగితాల నకలు ఇంకోచోట ఉండాలి.

మన యూనియన్ వార్షికోత్సవానికి పెట్టే ఖర్చులో పదోవంతు చాలు, సంక్రాంతి సెలవులకు ముందు ఒక పూట ఈ అమరికలు చేసి చూపించడానికి. మోసం జరిగితే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలన్న సంగతి మనలో ఎంతమంది ఇంట్లో చెప్పాం?

మా ఇంట్లో ఇప్పుడు పద్ధతి మారింది. పని లేనప్పుడు గోడ స్విచ్ కట్టేసి ఉంటుంది. కరెంటు అందగానే కంప్యూటరు తానే లేచేలా బయాస్‌లో పెట్టాను. నేను ఫోన్ చేస్తే నాన్న స్విచ్ వేస్తాడు. వేసేముందు ఒక ప్రశ్న అడుగుతాడు. మొన్న అడిగాడు, "తూరుపు మడిలో ఈ యేడు ఏటేసినాం?" అని.

"స్వర్ణ" అన్నాను.

"శ్రీకాకుళం సన్నాలు" అని ఫోన్ పెట్టేశాడు.