ఘంటసాల మన క్లాసులో ఉంటే

పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో తొమ్మిదో తరగతి అబ్బాయి తండ్రి ఒకరు మార్కుల షీటు మీద సంతకం పెట్టి, గొంతు తగ్గించి అడిగారు. "మేడమ్ గారూ, వీడు ఎప్పుడు చూసినా ఏదో ఒకటి పాడుతూనే ఉంటాడండి. మీరు చెబితే వింటాడు. కాస్త మాన్పించండి." వెనక లైన్లో ఇంకా పదిమంది ఉన్నారు. "అలాగేనండి" అనేశాను. ఇంటికి వెళ్లాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు.

మర్నాడు అదే క్లాసులో, ఘంటసాల ఎవరో తెలుసా అని అడిగాను. ఒక అమ్మాయి లేచి, "ఎవరైనా చనిపోతే మైకులో వేస్తారు, ఆయనే కదా మిస్?" అంది. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఆ పిల్ల తప్పేముంది, మన తిరువూరులో పిల్లలు ఆయన భగవద్గీత వినేది అలాంటప్పుడే. ఇంట్లో తాతయ్య ఉంటే ఒకట్రెండు పాటలు కూడా తెలుస్తాయి. ఆయన సంగీత దర్శకుడు కూడా అని మాత్రం ఒక్కరికీ తెలియదు. నిజం చెప్పాలంటే బీఈడీ చదివే రోజుల దాకా నాకూ సరిగ్గా తెలియదు.

'మనదేశం' (1949), 'పాతాళభైరవి' (1951), 'గుండమ్మ కథ' (1962), 'లవకుశ' (1963) సినిమాలకు సంగీతం ఆయనదే. 'మాయాబజార్' (1957)లో కొన్ని బాణీలు సాలూరి రాజేశ్వరరావు గారు కట్టి తప్పుకుంటే, మిగతా పని ఘంటసాల పూర్తి చేశారు. అందులో కంబళి, మంచం చేసే అల్లరి సీను స్మార్ట్ బోర్డు మీద ముందు సౌండ్ లేకుండా చూపించాను. ఎలా ఉందో ఇంగ్లీషులో చెప్పమంటే 'ఫన్నీ' అన్న ఒక్క మాటే వచ్చింది. తర్వాత సౌండ్ పెట్టి చూపిస్తే సగం బోర్డు మాటలతో నిండింది. ఆ పాడే అబ్బాయి మాత్రం ఏమీ చెప్పలేదు, బెంచీ మీద వేళ్లతో తాళం వేస్తూ కూర్చున్నాడు.

ఘంటసాల పరాయి ఊరివాడేమీ కాదు. 1922 డిసెంబర్ 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. మొన్నమొన్నటిదాకా మనదీ అదే కృష్ణా జిల్లా. తండ్రి సూరయ్య గారు తరంగాలు పాడేవారు. చిన్నతనంలోనే ఆ తండ్రి పోయారు. సంగీతం నేర్చుకోవాలని పిల్లాడు ఉంగరం అమ్ముకుని విజయనగరం వెళ్తే, అక్కడ సంగీత కళాశాలకు సెలవులు. పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి, డబ్బు అడగకుండా పాఠం చెప్పారు. తిండికి మాత్రం జోలె పట్టి ఇల్లిల్లూ తిరగాల్సి వచ్చింది. తర్వాత క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు కూడా వెళ్లారు. మద్రాసు చేరాక సినిమాల్లో మొదట కోరస్ పాడారు. 1970లో పద్మశ్రీ వచ్చింది.

ఇది కథగా వింటే మనకు గర్వంగా ఉంటుంది. ఆ పిల్లాడే మన ఇంట్లో ఉండి ఉంగరం అమ్మి ఉంటే ఏం చేసేవాళ్లం? తల్లిదండ్రులనే అనడం లేదు. మొన్న మార్చిలో సిలబస్ అవలేదని రెండు వారాల మ్యూజిక్ పీరియడ్లు నేనే అడిగి తీసుకున్నాను. యాక్టివ్ వాయిస్, ప్యాసివ్ వాయిస్ మళ్లీ చెప్పాను. పాడే గొంతులు ఆపించి వాయిస్ చెప్పానన్నమాట!

ఆ తండ్రి భయం నాకు తెలుసు. ఈ ప్రాంతంలో మామిడి కాపు సరిగా రాని ఏడాది ఫీజు కట్టడమంటే ఏమిటో మన దగ్గర చాలా ఇళ్లకు తెలుసు. పాడే పిల్లాడల్లా ఘంటసాల కాడు, ఒప్పుకుంటాను. చదివే పిల్లాడల్లా ఐఐటీకీ వెళ్లడు. అందుకని ఎవరినీ చదువు మాన్పించం కదా. పైగా ఘంటసాల చదువు తప్పించుకోవడానికి పాడిన మనిషి కాదు. గురువు దగ్గర ఏళ్ల తరబడి సాధన చేసి నేర్చుకున్నారు. మన పిల్లలు పుస్తకం ముందు కూర్చోవడానికి మనం కోరుకునే ఓపిక కూడా అదే.

ఈ నెల మీటింగ్‌కి ఆయన మళ్లీ వస్తారు. తొందరపడి "అలాగేనండి" అన్నానని, పాట మాన్పించడం నా వల్ల కాదని చెబుతాను. ఆదివారం ఒక గంట టీవీ కట్టేసి, వాడిని పాడమని ఎదురుగా కూర్చోమంటాను. ఒప్పుకోకపోతే వచ్చే నెల మళ్లీ అడుగుతాను. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకానికి ఎలాగూ రావాలి కదా.