గేమ్స్ పీరియడ్ తీసేయమని అడగకండి



2024 డిసెంబరు 21వ తేదీని మన ముండ్లమూరు, తాళ్ళూరు మండలాల్లో ఎవరూ అంత తేలిగ్గా మర్చిపోరు. ఆ శనివారం ఉదయం ఒకటి రెండు సెకన్లు భూమి కంపించింది. ఇళ్ళలోంచి, ఆఫీసుల్లోంచి, బడుల్లోంచి జనం బయటికి పరుగెత్తారు. ఆ తర్వాత రెండు రోజులు కూడా మళ్ళీ కంపించింది. ఇలాంటప్పుడు ఏం జరుగుతోందో మనకు అర్థమయ్యేలోపే కాళ్ళు సర్దుకుంటాయి, ఒళ్ళు నిలదొక్కుకుంటుంది. మనం ఆలోచించి చేసే పని కాదది. ఆ పనిలో పెద్ద భాగం తల వెనక, మెడకు కాస్త పైన ఉండే చిన్నమెదడుది. పుస్తకాల్లో దాన్నే అనుమస్తిష్కం అంటాం.

పేరెంట్స్ మీటింగ్‌లో తరచుగా వినే రెండు మాటల వల్ల ఇది రాయాలనిపించింది. మొదటిది, "గేమ్స్ పీరియడ్ బదులు ఇంకో స్టడీ అవర్ పెట్టండి మేడం." రెండోది, "వీడి రాత చూడండి, కోడి గెలికినట్టుంది, నాలుగు తగిలించండి." రెండు మాటలూ పిల్లల మీద ప్రేమతో అన్నవే. కానీ రెండూ చిన్నమెదడు పనిచేసే తీరుకు ఎదురెళ్ళే మాటలు.

పిల్లాడు సైకిల్ తొక్కుతున్నాడనుకోండి. కాలు ఎంత వంగింది, కండరం ఎంత బిగిసింది అనే వార్త కండరాలు, కీళ్ళ నుంచి వెన్నుపాము ద్వారా చిన్నమెదడుకు వెళ్తుంది. తల ఎటు ఒరిగిందో లోపలి చెవి చెబుతుంది. ఎదురుగా గుంట ఉందని కళ్ళ నుంచి సమాచారం వస్తుంది. వీటితో పాటు, "హ్యాండిల్ కుడికి తిప్పు" అని పెద్దమెదడు చేతులకు పంపిన ఆజ్ఞ నకలు కూడా అక్కడికి చేరుతుంది. అనుకున్నదేమిటి, జరుగుతున్నదేమిటి అని చిన్నమెదడు పోల్చి చూసి, తేడా ఉంటే సవరణ పంపుతుంది. ఇదంతా సెకనులో చిన్న భాగంలోనే జరిగిపోతుంది.

పేరుకు చిన్నదే, పరిమాణంలో మెదడు మొత్తంలో పదో వంతే. కానీ మనిషి మెదడులో ఉన్న సుమారు 8,600 కోట్ల నాడీకణాల్లో దాదాపు 6,900 కోట్లు ఇందులోనే ఉన్నాయని 2009లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. వీటిలో పెద్దవి పర్కింజీ కణాలు. చెక్ శాస్త్రవేత్త పర్కింజీ 1837లో వీటిని వర్ణించాడు. ఒక్కో పర్కింజీ కణానికి లక్షకు పైగా కనెక్షన్లు ఉంటాయి. పొరపాటు జరిగినప్పుడు వేరే నాడీతంతువు ద్వారా దానికి హెచ్చరిక అందుతుంది. అప్పుడు కొన్ని కనెక్షన్ల బలం మారుతుంది. మరుసటిసారి చెయ్యి కాస్త సరిగ్గా కదులుతుంది. ఈ పద్ధతిలో తప్పు చేయడం నేర్చుకోవడంలో భాగమే.

అందుకే చెయ్యి నేర్చుకోవలసినదాన్ని చెవికి చెబితే సరిపోదు. ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి తరంగం ఆడే కూచిపూడి కళాకారులు ఆ విద్యను నోట్సు చదివి నేర్చుకోలేదు. మన ఊళ్ళో మిరపకాయలు కోసే అమ్మ మాట్లాడుతూనే, చూడకుండానే కాయ తుంచుతుంది. ఏళ్ళ తరబడి చేసిన పని అది. చేతిరాత కూడా అలాంటిదే. ఎల్‌కేజీ పిల్లల వేళ్ళు ఇంకా లేతవి. మట్టి పిసకడం, పూసలు గుచ్చడం, బొత్తాలు పెట్టుకోవడం వాళ్ళకు రాతకు ముందు జరగాల్సిన చదువు. 2020 జాతీయ విద్యావిధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకు ఆటపాటలతోనే చదువు చెప్పమంది. రాత బాగాలేదని కొడితే భయంతో చెయ్యి ఇంకా బిగుసుకుంటుంది. రోజూ పది నిమిషాలు నెమ్మదిగా రాయిస్తే అదే దారిలో పడుతుంది.

తప్పు మీదే అనడం లేదు. మా కార్పొరేట్ బడులదీ ఉంది. ర్యాంకుల ఫ్లెక్సీలు కట్టేది మేమే, పరీక్షలు దగ్గరపడగానే ఆటల పీరియడ్ ముందుగా తీసేదీ మేమే. పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ సైన్సు పుస్తకంలో చిన్నమెదడు పనికి ఉదాహరణలుగా తిన్నగా నడవడం, సైకిల్ తొక్కడం, పెన్సిల్ తీసుకోవడం ఇచ్చారు. ఆ వాక్యం బట్టీ పట్టించడానికి పిల్లలను కదలకుండా కూర్చోబెడుతున్నాం. విద్యాహక్కు చట్టం 2009 ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది. ఉన్న స్థలంలో ఆడటానికి టైమ్ ఇవ్వకపోతే ఆ స్థలం ఎందుకు?

ఆటలాడితే మార్కులు పెరుగుతాయని నేను హామీ ఇవ్వను. అది నా వాదన కాదు. ఒళ్ళు స్వాధీనంలో ఉంచుకోవడం, పడితే లేవడం, బంతి ఎక్కడికి వస్తుందో ముందే పసిగట్టడం కూడా చదువేనని, దానికి వేరే క్లాసురూమ్ లేదని చెబుతున్నానంతే.

ఇంకో మాట. చిన్నమెదడు దెబ్బతింటే కాళ్ళూ చేతులూ పడిపోవు గానీ అదుపు తప్పుతాయి. నడక తూలుతుంది, వస్తువు అందుకోబోతే చెయ్యి వణుకుతుంది, మాట ముద్దగా వస్తుంది. నిన్నటిదాకా బాగున్న పిల్లలు ఉన్నట్టుండి ఇలా మారితే "సోమరితనం", "నాటకం" అని తిట్టకండి. అదే రోజు డాక్టరుకు చూపించండి. సైకిల్ నేర్పేటప్పుడు హెల్మెట్ పెట్టండి.

చివరగా నా మనవి. సాయంత్రం ఇంటికి రాగానే పుస్తకాల ముందు కూర్చోబెట్టకుండా ఒక గంట వీధిలో ఆడుకోనివ్వండి. వచ్చే మీటింగ్‌లో "మా పిల్లాడికి ఎన్ని మార్కులొచ్చాయి?" అని అడిగాక, "వారానికి ఎన్ని గేమ్స్ పీరియడ్లు జరుగుతున్నాయి?" అని కూడా అడగండి. మీరు అడిగితేనే మేము ఇవ్వగలం.

– ఇంగ్లిష్ మీడియం టీచర్, ముండ్లమూరు